కత్తెర మాస్టారి దగ్గరే ఉంటే ధైర్యం మీ దగ్గరికి ఎలా వస్తుంది?

ప్రశ్న: నాకు ముప్పై ఐదేళ్లు. తణుకు దగ్గర పల్లెటూరు మాది. పెళ్లయ్యాక మూడు నెలలు టైలరింగ్ నేర్చుకుని మిషను కొనుక్కున్నాను. కొత్తలో మా తోడికోడలి పట్టుచీరతో వచ్చిన జాకెట్టు ముక్క కోస్తే వెనక మెడ బాగా లోతైపోయి పాడైంది. ఆమె ఒక్క మాటా అనలేదు గానీ, మా అత్తగారు ఇప్పటికీ పండక్కి నలుగురూ చేరినప్పుడు ఆ సంగతి తీస్తారు. అప్పటినుంచి కటింగ్ మొత్తం టౌన్లో మాస్టారికిచ్చి కోయించుకొచ్చి, కుట్టడం మాత్రం నేను చేస్తున్నాను. నాలుగేళ్లయింది. తెలిసినవాళ్లంతా బాగున్నాయనే అంటారు. కొత్తవాళ్లు గుడ్డ తెస్తే మాత్రం "మిషను రిపేరులో ఉందండీ" అని పంపేస్తాను. రాత్రిళ్లు కటింగ్ వీడియోలు చూస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. తెల్లారి కత్తెర పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. మావారేమో "నీకు పని రాక కాదు, కాన్ఫిడెన్స్ లేక" అంటారు. ఆరు నెలల ఫ్యాషన్ డిజైనింగ్ కోర్సులో చేరమంటారా? లేక ముందు ధైర్యం తెచ్చుకునే మార్గం చూసుకోవాలా? ఇంటి ముందు బోర్డు పెట్టుకోవాలని నా కోరిక.
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, నాలుగేళ్లపాటు జాకెట్లు కుట్టి, బాగున్నాయనిపించుకున్న మనిషికి ఈపాటికి ధైర్యం దానంతటదే వచ్చి ఉండాలి. రాలేదంటే లోపం మీ స్వభావంలో వెతకక్కర్లేదు. పని పంచుకున్న తీరులోనే ఉంది.

పక్కింటావిడ మీరు కుట్టిన జాకెట్టు వేసుకుని "ఎంత బాగా అమిరిందో" అందనుకోండి. మీ మనసులో మొదట మెదిలేది ఎవరు? మాస్టారే అయి ఉంటారు. అమరిక కటింగ్‌లోనే ఉందని మీకు తెలుసు గనక ఆ మెప్పు నేరుగా టౌన్‌కి వెళ్లిపోతుంది. అదే చెయ్యి దగ్గర కుచ్చు పడితేనో, హుక్కుల పట్టీ వంకర పోతేనో, ఆ తప్పు మాత్రం మీ ఖాతాలో పడుతుంది. ఇలా నాలుగేళ్లు గడిచాయి. మంచివన్నీ ఆయనకు, చెడ్డవన్నీ మీకు. ఇంకా వంద జాకెట్లు ఇలాగే కుట్టినా కత్తెర దగ్గర మీ చెయ్యి వణుకుతూనే ఉంటుంది.

ఈ సంగతిని బాగా పట్టుకున్న మనిషి ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త. కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేశారు. "ఈ పని నేను చేయగలను" అన్న నమ్మకం మనిషికి ఎక్కణ్ణుంచి వస్తుందన్న దాని మీద 1977లో ఆయన రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు. నాలుగు దారులు చెప్పారాయన. స్వయంగా చేసి నెగ్గుకురావడం ఒకటి. మనలాంటి వాళ్లు చేస్తుంటే చూడడం, నమ్మకమున్నవాళ్లు "నువ్వు చేయగలవు" అనడం, ఆ సమయంలో మన ఒంట్లో గుండెదడో వణుకో ఉండటం, ఉండకపోవటం మిగతా మూడు. అన్నిట్లోకీ బలమైనది మొదటిదేనని ఆయన తేల్చారు. పామంటే విపరీతంగా భయపడేవాళ్లను పిలిచి, కొందరికి వేరేవాళ్లు పామును పట్టుకోవడం చూపించారు. ఇంకొందరి చేత సాయం చేస్తూ మెల్లమెల్లగా తామే పట్టుకునేలా చేశారు. చూసినవాళ్ల కన్నా ముట్టుకున్నవాళ్లకే భయం ఎక్కువ తగ్గింది. మీ విషయంలో ముఖ్యమైన మెలిక ఇంకోటుంది. సాయం చేసేవాళ్లు క్రమంగా పక్కకు తప్పుకుని, చివరికి ఆ మనిషిని ఒంటరిగా పాముతో మెలగనివ్వాలి. తప్పుకోకపోతే "పక్కన ఆయనున్నాడు కాబట్టి చేశాను" అనుకుంటాడు తప్ప "నేను చేశాను" అనుకోడు. మీ మాస్టారు నాలుగేళ్లుగా పక్కకు తప్పుకోలేదు. తప్పు ఆయనది కాదు, తప్పుకోమని మీరు అడగలేదు.

ఇక మీవారి మాట. ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ "కాన్ఫిడెన్స్ లేదు" అనగానే అదేదో మనిషి మొత్తానికి ఒకేసారి ఉండేదో లేనిదో అన్నట్టు వినిపిస్తుంది. లైనింగ్ జాకెట్టుకి చేతులు ఎక్కించేటప్పుడు మీ చెయ్యి వణుకుతుందా? సన్నటి పైపింగ్ వేసేటప్పుడు? వణకదు. అక్కడ మీకు బోలెడంత ధైర్యముంది. ఎందుకంటే ఆ పని మీరే చేశారు, చెడగొట్టారు, విప్పారు, మళ్లీ కుట్టారు. లేనిదల్లా కోత దగ్గరే. కాబట్టి ముందు ధైర్యం తెచ్చుకుని ఆ తర్వాత కత్తెర పట్టాలన్న ఆలోచన వదిలేయండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1986లో ఇలాంటి నమ్మకంతోనే, జనంలో ఆత్మగౌరవం పెంచితే మిగతా సమస్యలు సర్దుకుంటాయని ఏకంగా ప్రభుత్వ సంఘాన్నే వేసింది. 2003లో నలుగురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి చూస్తే, తన మీద తనకు గొప్ప అభిప్రాయం ఉన్నంత మాత్రాన పిల్లల చదువు బాగుపడుతున్న దాఖలా పెద్దగా కనబడలేదు. బాగా చదివినందువల్ల ఆ అభిప్రాయం పెరగడం మాత్రం కొంత కనబడింది.

అలాగని "పని నేర్చుకో, ధైర్యం అదే వస్తుంది" అని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ధైర్యం లేకపోవడం మీ పనిని కూడా ఎదగనివ్వడం లేదు. ఎలాగో చెబుతాను.

మీరు కుట్టిచ్చిన జాకెట్టు వేసుకుని ఒకావిడ గుళ్లో ఎదురుపడిందనుకోండి. మీరు ఆ జాకెట్టు వంక చూస్తారా, చూపు తిప్పుకుంటారా? జంకే మనిషి చూపు తిప్పుకుంటుంది. ఎక్కడ లోపం కనబడుతుందోనని. పని మీద పట్టున్న మనిషి మాట్లాడుతూనే ఓరకంట అంతా చూసేస్తుంది. ఆవిడ చెయ్యెత్తి గంట కొట్టినప్పుడు జాకెట్టు మొత్తం పైకి లేచిందంటే చంక మరీ కిందికి కోశారన్నమాట. భుజం మీంచి మాటిమాటికీ జారుతూ ఆవిడ సర్దుకుంటోందంటే మెడ వెడల్పు ఎక్కువైంది. చంక దగ్గర్నుంచి ఛాతీ వైపు ఏటవాలుగా ముడతలు పడుతున్నాయంటే డాట్లలో, అంటే ఛాతీ దగ్గర వేసే మడత కుట్లలో, లెక్క చూసుకోవాలి. ఇవన్నీ ఏ కోర్సూ ఇంత వివరంగా చెప్పని పాఠాలు. ఊరంతా తిరుగుతూ మీ కళ్ల ముందుకే వస్తున్నాయి. కోత మీది కాదు గనక చూసినా మీకు పనికిరావడం లేదు. జంకు ఉంది గనక అసలు చూడడమే లేదు.

కాస్త ధైర్యమున్న మనిషి ఇచ్చేముందు "ఒకసారి వేసుకుని చూపించండి" అంటుంది. తేడా వస్తే ఎక్కడ వచ్చిందో పుస్తకంలో రాసుకుంటుంది, మరుసటి జాకెట్టుకు అరంగుళం సవరిస్తుంది. పని మెరుగవుతుంది. మెరుగైంది గనక ఇంకో కొత్తావిడను వేసుకు చూపించమనగలుగుతుంది. జంకే మనిషి కవర్లో పెట్టిచ్చి "అమ్మయ్య" అనుకుంటుంది. ఇద్దరూ ఒకే రోజు మిషను కొనుక్కున్నా, రెండేళ్లు తిరిగేసరికి ఎక్కడున్నవాళ్లు అక్కడుండరు. నైపుణ్యం, నమ్మకం ఒకదాన్నొకటి పెంచుతాయని అందరూ అంటారు. నాకు తెలిసి ఆ పెంచడమంతా జరిగేది ఇక్కడే, తప్పు జరిగిన మరుక్షణం దాన్ని తిప్పి చూస్తామా, మడత పెట్టి దాచేస్తామా అన్న దగ్గర.

రాత్రిపూట చూసే వీడియోల గురించి కూడా చెప్పాలి. చూస్తే వచ్చేసినట్టు అనిపించడం, చేతిలోకి తీసుకుంటే రాకపోవడం మీ ఒక్కరి సమస్య కాదు. 2018లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు దీన్నే పరీక్షించారు. బాణాలు గురిచూసి విసరడం, మూన్‌వాక్ చేయడం లాంటివి కొందరికి ఒక్కసారి చూపించారు, కొందరికి ఇరవైసార్లు చూపించారు. ఇరవైసార్లు చూసినవాళ్లు "మేం బాగా చేసేస్తాం" అన్నారు. తీరా చేస్తే ఒక్కసారి చూసినవాళ్ల కన్నా గొప్పగా ఏమీ చేయలేదు. వీడియో మానేయమనడం లేదు. ముందు మీరు కోసి, ఎక్కడ చిక్కుపడ్డారో తెలుసుకుని, ఆ ఒక్క ముక్క కోసం చూడండి. చంక వంపు తిరిగే చోట వీడియోలో ఆవిడ స్కేలు ఎలా పెట్టిందో అప్పుడు కనబడుతుంది. వట్టిగా చూస్తే ఆవిడ గాజులే కనబడతాయి.

మీ భయంలో న్యాయముంది. చీరతో వచ్చిన ముక్క పాడైతే ఆ రంగు, ఆ అంచు బజార్లో దొరకవు. తక్కువ కోసింది మళ్లీ కోయొచ్చు, ఎక్కువ కోసింది అతకలేం. అందుకే చెయ్యి వణుకుతోంది. ఆ వణుకును ధైర్యవచనాలతో పోగొట్టాలని చూడకండి, నష్టపోయే అవకాశాన్ని తగ్గించండి. మెడను మొదట అరంగుళం తక్కువ లోతుతో కోసి, వేసి చూశాక కావలసినంత దింపండి. పక్క కుట్ల దగ్గర లోపల అంగుళం గుడ్డ వదలండి, బిగుతైతే విప్పుకోవచ్చు. లైనింగ్ జాకెట్టైతే ఇంకా మంచిది. ముందు లైనింగ్ గుడ్డ ఒక్కటీ కోసి, దూరం దూరంగా చేతికుట్లు వేసి, ఆ మనిషికి తొడిగి చూడండి. భుజం, చంక, మెడ అక్కడే సరిచూసుకుని, గుర్తులు పెట్టి, కుట్లు విప్పి, అదే లైనింగ్‌ను పైగుడ్డ మీద పరిచి కోయండి. పాడైతే లైనింగ్ పాడవుతుంది, మళ్లీ కొనుక్కోవచ్చు. పట్టుముక్క దగ్గరికి వచ్చేసరికి మీకు తెలియనిది ఇంచుమించు ఏమీ మిగలదు. మీ తోడికోడలి ముక్క విషయంలో మీకు లోపించింది ధైర్యం కాదమ్మా, ఈ పద్ధతి. ఎవరూ చెప్పి ఉండరు.

వరస ఇలా పెట్టుకోండి. మొదట మీ ఆది జాకెట్టే తీసి పాత న్యూస్‌పేపరు మీద గీసి కోయండి. తర్వాత పాత నేత చీర మీద. ఆపైన మీకోసం మామూలు కాటన్ జాకెట్టు కోసి, కుట్టి, రోజంతా వేసుకుని ఇంటిపని చేయండి. అన్నం వార్చేటప్పుడు, బట్టలారేసేటప్పుడు ఎక్కడ పట్టేస్తోందో మీ ఒళ్లే చెబుతుంది. రెండోది మీకు పూర్తిగా భిన్నమైన ఒళ్లున్న మనిషికి కుట్టండి. మీరు సన్నమైతే బొద్దుగా ఉన్న వదినగారికి, భుజాలు వాలుగా ఉన్న పిన్నిగారికి. ఒకే కొలత మీద పదిసార్లు కోస్తే ఆ కొలత వస్తుంది, కటింగ్ రాదు. కోసిన ప్రతిదానికీ పుస్తకంలో ఒక పేజీ పెట్టండి. కొలతలు, కోసిన తేదీ, తొడిగి చూశాక తేలిన తేడా, చేసిన సవరణ. మనసు ఎప్పుడూ ఆ పట్టుముక్కనే గుర్తుచేస్తుంది. ఆ పుస్తకం మిగతావాటిని గుర్తుచేస్తుంది.

దీనికి ఆషాఢం మంచి నెల. పెళ్లిళ్లుండవు, ఎవరికీ తొందరుండదు. శ్రావణం వచ్చిందంటే ముహూర్తాలు, వరలక్ష్మీ వ్రతం, రేపటికి కావాలి అనేవాళ్ల గోల. మొదటి పట్టు జాకెట్టు ఆ రద్దీలో ఒప్పుకోవద్దు. ఎంత బతిమాలినా సరే.

ఇంట్లోవాళ్లకు కుట్టడం దాటాక డబ్బు తీసుకోండి. ఊరికే కుట్టిస్తే బంధువులు మొహమాటానికి బాగుందనేసి, బీరువాలో పెట్టేస్తారు, మీకు తెలిసేదేమీ ఉండదు. డబ్బిచ్చినావిడ మాత్రం "ఇక్కడ లాగుతోంది చూడు" అని వచ్చి నిలబడుతుంది. మీకు కావలసింది ఆ మాటే. మీ ఊళ్లో లైనింగ్ లేని జాకెట్టుకు ఎంత నడుస్తోందో దానికన్నా కాస్త తక్కువ చెప్పండి, సవరణ ఉచితమని చెప్పండి. ఎవరైనా పట్టు తెస్తే "మిషను రిపేరు" అనకండి. "పట్టు ఇంకా మొదలుపెట్టలేదండీ, కాటన్వి ఇవ్వండి కుడతాను" అనండి. అబద్ధం చెప్పిన ప్రతిసారీ మీకు మీరే "నాకు రాదు" అని చెప్పుకున్నట్టవుతోంది. రెండో మాటలో మీకు ఎంతవరకు వచ్చో ఉంది. వినేవాళ్లకు నమ్మకం కుదిరేదీ ఆ మాట దగ్గరే.

మాస్టారిని ఒక్కసారిగా మానేయకండి. ఆయన కూడా మీ కోత డబ్బుల మీద కొంత ఆధారపడి ఉంటారు, ఊళ్లో మాట పట్టింపు రానివ్వడం ఎందుకు? పైగా ఆయన దగ్గర మీకు ఇంకో పనుంది. మీరే కొలతలు వేసి, చాక్‌తో గీసిన గుడ్డ పట్టుకెళ్లి, "మాస్టారూ, కోసే ముందు ఒకసారి చూడండి" అని అడగండి. చూసినందుకు కోత డబ్బులే ఇవ్వండి. ఒకటి రెండు చోట్ల ఆయన గీత సవరిస్తారు. ఇంటికొచ్చి మీరే కోయండి. కొన్నాళ్లకు ఆయన సవరించేది తగ్గిపోతుంది, అప్పుడు లైనింగ్ లేనివాటికి వెళ్లడం మానేయండి. పట్టువి మాత్రం ఇంకొన్నాళ్లు ఆయనకు చూపించండి. "నువ్వు చేయగలవమ్మా" అన్న మాట మీవారి నోట వినడం వేరు, కటింగ్ తెలిసిన మనిషి నోట వినడం వేరు. రెండోదానికే మీ మనసు విలువిస్తుంది. మీవారు ఏమీ అనుకోకూడదు మరి!

వణుకు గురించి ఒక్క మాట. చెయ్యి వణికిందంటే పని రాదని కాదు, ఆ ముక్క విలువ మీకు తెలుసని. రాత్రే గీతలు గీసి పెట్టుకోండి. పొద్దున పిల్లలు బడికెళ్లాక మళ్లీ టేపు పెట్టి కొలవండి, అంకెలు కలిస్తే కోయండి. పొయ్యి మీద పాలు పెట్టి మాత్రం కత్తెర పట్టకండి.

ఆరు నెలల కోర్సు సంగతి. ఇప్పుడు వద్దంటాను. అక్కడ మళ్లీ పక్కన టీచరుంటుంది, కోసేది నేర్చుకోవడానికి తెచ్చిన గుడ్డే, తప్పుకు పెద్ద ఖరీదు లేదు. చేతికి సర్టిఫికెట్టు వస్తుంది, మీకు తక్కువైంది అది కాదు. నేర్చుకోవాలనే ఉంటే బ్యాంకులు జిల్లాల్లో నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో విచారించండి. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో మొదలైన పద్ధతి అది. శిక్షణ ఉచితం. శిక్షణ కొద్ది వారాలే ఉంటుంది గానీ, ఆ తర్వాత రెండేళ్లపాటు మీరు సొంతంగా ఏం చేస్తున్నారో అడుగుతుంటారు. నాకు నచ్చేది ఆ రెండో భాగమే. ఇవేవీ కుదరకపోయినా, మీలాగే ఇంట్లో మిషను పెట్టుకుని నిలదొక్కుకున్నావిడ పక్కూళ్లో ఎవరైనా ఉంటే నాలుగు మధ్యాహ్నాలు వెళ్లి కూర్చోండి. ఆవిడ కూడా ఒక్కోసారి చంక కోసేముందు ఆగి, టేపు తీసి మళ్లీ కొలవడం మీరు చూడాలి. వీడియోల్లో ఆ భాగాన్నే కత్తిరించేస్తారు.

ఇంకో ప్రమాదముంది, ఇది మీకు ఇప్పుడు నవ్వులాటగా తోస్తుంది. వరసగా నాలుగు కాటన్ జాకెట్లు బాగా కుదిరాయంటే ప్రిన్సెస్ కట్టూ, బోట్ నెక్కూ, మగ్గం పనితో వచ్చిన పెళ్లికూతురి జాకెట్టూ అన్నీ ఒప్పేసుకోవాలనిపిస్తుంది. కాటన్ మీద వచ్చిన ధైర్యం కాటన్ మీదే చెల్లుతుంది. జారే జార్జెట్ మీద కత్తెర వేరేలా నడుస్తుంది. కొత్త గుడ్డ, కొత్త మోడలు వచ్చినప్పుడల్లా మళ్లీ పాత చీర దగ్గర మొదలుపెట్టండి. అదేమీ చిన్నతనం కాదు, ఎంత పెద్ద మాస్టారైనా చేసేదే.

అత్తగారి మాటకు మందు లేదు. ఎదురు చెప్పీ లాభం లేదు. కానీ ఆమె జాకెట్టు ఒకటి కోసి కుట్టిపెట్టండి. పెద్దవాళ్లకు చేతులు వదులుగా, మెడ పైకి, ముందు హుక్కులు వేళ్లకు అందేలా కావాలి. అది కుదిరితే ఊళ్లో ఆవిడ చేసినంత ప్రచారం ఎవరూ చేయరు. తోడికోడలికి మాత్రం ఇప్పుడే వద్దు. పుస్తకంలో పట్టు జాకెట్ల పేజీలు కొన్ని నిండాక మీరే వెళ్లి ముక్క అడగండి.

బోర్డు శ్రావణం దాటాక పెట్టుకోండి. దసరాకు సమయం ఉంటుంది. ఈలోగా ఫాల్స్ కుట్టడం, పాత జాకెట్లు వదులు చేయడం, చేతులు మార్చడం అందరికీ చేస్తానని చెప్పండి. వేరేవాళ్లు కోసిన జాకెట్లు విప్పితే లోపల కోత ఎలా ఉందో, ఎవరు ఎంత గుడ్డ వదిలారో అంతా కనబడుతుంది. దానికి ఎదురు డబ్బులు కూడా ఇస్తారు. బోర్డు మీద రాయించేటప్పుడు పట్టు జాకెట్ల మాట అప్పటికి మీరు ఎన్ని కోశారన్న దాన్నిబట్టి రాయించండి. పెయింటరు తర్వాత వచ్చి ఇంకో లైను రాస్తాడు, అడుగున కాస్త జాగా ఉంచమనండి.